జల్లెడ ఎవరి చేతిలో?

ప్రకటనలను ఆపే వడపోతను బ్రౌజర్‌లోనే అమర్చి ఇవ్వడం మంచిదే. దాని తాళం ప్రకటనలు అమ్ముకునే సంస్థ దగ్గరే ఉండటం మాత్రం మంచిది కాదు. 2019 జూలై 9 నుంచి ప్రపంచమంతటా అమల్లో ఉన్న గూగుల్ బ్రౌజర్ క్రోమ్ వడపోత చికాకు పెట్టే ప్రకటనలను ఆపుతుంది, అదీ పదేపదే ప్రకటనల ప్రమాణాలు మీరిన సైట్లలోనే. పద్ధతిగా కనిపించే ప్రకటన నిజమో మోసమో తేల్చడం దాని పని కాదు. రెంజల్ వంటి పల్లెలో పసుపు ధర కోసమో వాన కబురు కోసమో ఫోన్ తెరిచే రైతుకు అసలు బెడద అక్కడే: నిమిషంలో అప్పంటూ పిలిచే యాప్, పేరున్న కంపెనీ ముసుగులో నకిలీ విత్తనం. అలాగని అన్నింటినీ గుడ్డిగా ఆపితే ప్రకటనల మీదే బతికే చిన్న తెలుగు వార్తా సైట్లు మూతపడతాయి (ఈ మాటలో పత్రికగా మా స్వార్థమూ కొంత ఉంది). తాళం పట్టుకున్న సంస్థకు కళ్లెం వేసే దారి ఉంది: ఫోన్‌తో పాటే క్రోమ్‌ను అంటగట్టడం వంటి పనులకు మన దేశ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌పై రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. అంతటితో సరిపెట్టకుండా వడపోత నియమాలను తెలుగులోనూ బయట పెట్టించాలి. ఏది ఆగిందో చదువరికి కనిపించాలి. ప్రకటనలు ఆగిపోయిన సైటుకు తన భాషలో మొరపెట్టుకునే వీలుండాలి. వేరే వడపోతను ఎంచుకునే స్వేచ్ఛను లాగేసుకోకూడదు. 2024 నుంచి ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్లను క్రోమ్ దశలవారీగా పక్కన పెట్టిన తీరు చూశాక, ఈ చివరి షరతే ముందు వరసలో ఉండాలి.