చెక్కు రాస్తే చాకిరీ తప్పుతుందా?

వేసవి ఈత టీముల రిజిస్ట్రేషన్ ఫారం చివర్లో ఒక చిన్న గడి ఉంటుంది. "వాలంటీర్ డ్యూటీలు చెయ్యం, బదులు డబ్బు కడతాం" అని టిక్కు పెట్టే గడి. దాని పేరు బై-అవుట్. కొన్ని టీముల్లో ఈ గడి ఉండదు, ముందే డిపాజిట్ చెక్కు తీసుకుంటారు. సీజన్ ఆఖరికి డ్యూటీలు పూర్తి చేసినవాళ్ళ చెక్కు చించేస్తారు, చెయ్యనివాళ్ళది బ్యాంకులో వేసుకుంటారు. పేరే తేడా, సంగతి ఒకటే. మా టీంలో ఇది ఇన్నాళ్ళూ 200 డాలర్లు. పోయిన సీజన్ అయ్యాక దాన్ని 400 చేద్దామని ప్రతిపాదన వచ్చింది. రేటు పెంచితే పని ఎగ్గొట్టేవాళ్ళు తగ్గుతారన్నది వాదన. ఆ మాటకి అందరికంటే ముందు "సై" అన్నదెవరో తెలుసా? మనవాళ్ళే! "హమ్మయ్య, ఆ నాలుగొందలూ పారేస్తే శనివారం మనదే" అని ఒకాయన నా పక్కనే కూర్చుని అన్నారు.

ఆయన మంచి మనిషి. కాంట్రాక్టు కార్మికుల గురించీ, కనీస వేతనాల గురించీ మన సమావేశాల్లో నాకంటే బాగా మాట్లాడతారు. అందుకే ఇది రాయాల్సొచ్చింది.

ఈ ఈత పోటీల గురించి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. నేనుండేది ఉత్తర వర్జీనియాలో. ఇక్కడి వేసవి ఈత లీగు 1956లో మొదలైంది, ఇప్పుడు నూరుకి పైగా పూల్స్ అందులో ఉన్నాయి. జూన్, జూలై నెలల్లో శనివారం పొద్దున రెండు పూల్స్ మధ్య పోటీ జరుగుతుంది. ఆరు లేన్లు, టీముకి మూడేసి. ఒక్కో లేనుకి ముగ్గురు టైమర్లు ఉంటారు. ముగ్గురూ చేతి వాచీలు నొక్కుతారు, మూడు టైముల్లో మధ్యదాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అంటే టైమర్లే పద్ధెనిమిది మంది అన్నమాట. వాళ్ళు కాక రెఫరీ, స్టార్టర్, ఈత పద్ధతినీ మలుపునీ గమనించే స్ట్రోక్ అండ్ టర్న్ జడ్జిలు, రిలేలో పిల్లలు ముందే దూకేశారా అని చూసేవాళ్ళు, ఆరేళ్ళ పిల్లల్ని వరస తప్పకుండా నిలబెట్టే క్లర్క్ ఆఫ్ కోర్స్, టైములు ఎక్కించేవాళ్ళు, రిబ్బన్లకి లేబుళ్ళు అంటించేవాళ్ళు, తిండి బల్ల దగ్గరవాళ్ళు. తెల్లవారగానే గుడారాలు వేసేవాళ్ళు, అంతా అయ్యాక తడి టవళ్ళూ సీసాలూ ఏరి చెత్త సంచులు మోసేవాళ్ళు. కోచ్‌లకీ లైఫ్‌గార్డులకీ తప్ప ఇంకెవరికీ పైసా జీతం లేదు. ఏడేళ్ళ పిల్ల 25 మీటర్లు ఈది, పోయిన వారం కంటే అర సెకను ముందొచ్చానని గంతులు వేయాలంటే, ఆ అర సెకను పట్టుకోవడానికి ముగ్గురు పెద్దవాళ్ళు ఎండలో నిలబడాలి.

నేను నాలుగు సీజన్లు టైమర్‌గా నిలబడి, తర్వాత క్లినిక్‌కి వెళ్ళి జడ్జినయ్యాను. కాబట్టి గట్టున నిలబడి చెప్తున్న మాటే ఇది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బై-అవుట్ డబ్బుతో టీం ఏం కొంటుంది? టైమర్‌ని కొనుక్కొస్తుందా? కాదు. ఎక్కడా కిరాయి టైమర్లు దొరకరు. ఆ డబ్బు పిజ్జాకో, టీషర్టులకో, సీజన్ ఆఖరి విందుకో పోతుంది. నిలబడాల్సిన చోటు మాత్రం ఖాళీగానే ఉంటుంది. "ఇంకా ఇద్దరు టైమర్లు కావాలి, లేకపోతే మీట్ మొదలుపెట్టలేం" అని మైకులో మూడుసార్లు అరుస్తారు. అప్పుడు లేచి వచ్చేది ఎవరు? కిందటి వారం కూడా లేచి వచ్చినవాళ్ళే. మీరు రాసిన చెక్కు మీ పనిని మాయం చెయ్యలేదు, పక్కవాడి నెత్తిన పెట్టింది. డబ్బు ముట్టింది టీముకి, పని పడింది పక్కవాడికి. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఎంత గింజుకున్నా కనపడలేదు.

రేటు పెంచితే దారికొస్తారనేవాళ్ళు ఒక పాత పరిశోధన చూడాలి. యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది డేకేర్‌లు తీసుకున్నారు. వాటిలో ఆరింట, పిల్లల్ని తీసుకెళ్ళడానికి పది నిమిషాలకి మించి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకి పది షెకెళ్ళ జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాయా? సుమారు రెట్టింపయ్యాయి! అంతకుముందు టీచరమ్మ మన కోసం కాచుకుని కూర్చుందే అన్న సిగ్గుండేది. జరిమానా వచ్చాక అది అద్దెలాగా మారింది, కట్టేసి నింపాదిగా రావడం మొదలుపెట్టారు. ఇంకో సంగతి, జరిమానా ఎత్తేశాక కూడా ఆ సిగ్గు తిరిగి రాలేదు.

"అక్కడ జరిమానా మరీ చిన్నది, అందుకని పని చెయ్యలేదు, మేం 400 పెడుతున్నాం కదా" అంటారు. సరే, లెక్క వేద్దాం. గంటకి 75 డాలర్లు తెచ్చుకునే మనలాంటి సాఫ్ట్‌వేర్ మనిషికి 400 అంటే అయిదున్నర గంటల జీతం కూడా కాదు. గంటకి 15 డాలర్ల మీద బతికేవాళ్ళకి దాదాపు 27 గంటలు, వారంలో సగానికి పైగా. ఈ రేటు ఎవర్ని భయపెడుతుంది? కట్టగలిగినవాణ్ణి కాదు, కట్టలేనివాణ్ణి. కట్టగలిగినవాడికి ఇది సౌకర్యం, కట్టలేనివాడికి కొరడా. అందరికీ ఒకే రూల్ అంటే ఇదా?

రెండేళ్ళ కిందట మా టీంలో ఎల్ సాల్వడోర్ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉండేది. మా కమ్యూనిటీలోనే టౌన్‌హౌస్‌లో అద్దెకున్నారు. ఆవిడ హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది, ఆయన ఇళ్ళకి కప్పులు వేస్తాడు. హోటలుకి శనివారం రద్దీ, కప్పులు వేసేవాళ్ళకి వానలేని ప్రతి రోజూ పనే. కుర్రాడికి ఎనిమిదేళ్ళు, బ్యాక్‌స్ట్రోక్ చక్కగా ఈదేవాడు. పనిరోజుల్లో సాయంత్రం జరిగే బి మీట్లకి ఆవిడ హోటల్ యూనిఫాంలోనే వచ్చి వాచీ పట్టుకునేది, అయ్యాక బల్లలు తుడిచేది. ఎవరూ చెప్పకుండానే! కానీ మా రూలు ప్రకారం శనివారం డ్యూటీలు మూడు ఉండి తీరాలి. ఆవిడకి ఒక్కటే అయింది. 200 కట్టమని ఈమెయిల్ వెళ్ళింది. కట్టారు. మరుసటి ఏడు ఆ కుర్రాడి పేరు జాబితాలో లేదు.

అదే సీజన్లో బై-అవుట్ తీసుకుని ఒక్క పూట కూడా వాచీ ముట్టనివాళ్ళ జాబితా నేను చూశాను. సగానికి పైగా మన ఇంటిపేర్లే. వాళ్ళ పిల్లలందరూ మళ్ళీ ఈదుతున్నారు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. మనం టవల్ పరుచుకుని కూర్చునే ఈ పూల్స్‌లో ఎవరు దిగచ్చు, ఎవరు దిగకూడదు అన్నది ఈ చుట్టుపక్కలే సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో లిటిల్ హంటింగ్ పార్క్ అని ఉంది. పాల్ సలివన్ అనే తెల్లాయన తన ఇంటిని టి. ఆర్. ఫ్రీమన్ అనే నల్లాయనకి అద్దెకిచ్చి, దాంతోపాటు వచ్చే పార్కు సభ్యత్వం కూడా ఆయన పేర రాశాడు. బోర్డు ఒప్పుకోలేదు. ఇదేం అన్యాయం అన్నందుకు సలివన్‌నే సభ్యత్వం నుంచి తీసేసింది. 1969లో సుప్రీం కోర్టు ఆ బోర్డు చేసింది తప్పని తేల్చింది. పొటోమాక్ నదికి అవతల, మేరీలాండ్‌లోని వీటన్‌లో ఇంకో పూల్ కూడా నల్లవాళ్ళని చేర్చుకోనంటే, 1973లో దానికీ అదే గతి పట్టింది. మనం ఈ దేశానికి గుంపులుగా వచ్చేసరికి ఆ గేట్లు తెరిచి ఉన్నాయి. తెరిచింది మనం కాదు. అద్దెకున్నవాడి సభ్యత్వం కోసం ఒకాయన తన సభ్యత్వం పోగొట్టుకున్నాడు. మనమేమో అద్దెకున్నావిడ శనివారం రాలేదని బిల్లు పంపే రూలుకి చెయ్యెత్తుతున్నాం. వర్ణం పేరుతో వేసిన గేటూ, డబ్బు పేరుతో వేసిన గేటూ ఒకటేనని నేననడం లేదు. కానీ గేటు అవతల మిగిలిపోతున్నది ఎవరో ఒకసారి తల తిప్పి చూడండి.

మనవాళ్ళ గురించి ఇంకో మాట. కోపం వస్తే రానివ్వండి. సైన్-అప్ తెరవగానే కంప్యూటర్ దగ్గర కూర్చునే డ్యూటీ కోసం మనలో పోటీ. నీడ, కుర్చీ, లాప్‌టాప్! అయిదు నిమిషాల్లో అయిపోతుంది. చెత్త సంచుల డ్యూటీ ఆఖరి దాకా ఖాళీగా ఉంటుంది, మనవాళ్ళొక్కరూ పేరివ్వరు. దీనికి కారణం ఎండ కాదు. చేత్తో చేసే పని ఇంకెవరిదో అన్న భావం ఊరి నుంచి మనతోపాటు విమానం ఎక్కి వచ్చింది. అక్కడ ఏ కులంవాళ్ళు ఎత్తేవారో నేను చెప్పనక్కర్లేదు.

ఇక ఇంటి లోపలి లెక్క. "నా బిల్లింగ్ రేటుకి మూడు గంటలు నిలబడటం నష్టం మాస్టారూ" అనే మగమహారాజు భార్యని పంపిస్తాడు. ఆవిడ హెచ్-4 మీద ఉంది. 2015 తర్వాత హెచ్-4 వాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది, ఇంకా ఎంతోమందికి లేదు. కాబట్టి ఆవిడ గంటకి ఆయన లెక్కలో విలువ సున్నా! తిండి బల్ల దగ్గర నాలుగు గంటలు ఆవిడ, రిలేలో అబ్బాయి గెలిస్తే ఫోటోలో ఆయన. ఈ మధ్య ఒకచోట, వేసవికి చూడవచ్చిన మామగారి చేతికి వాచీ ఇచ్చి నిలబెట్టారని విన్నాను. పాపం పెద్దాయన, ఎండలో ఏమవుతుందోనని నాకే గుండె దడ.

ఇదంతా అమెరికా జబ్బు అనుకోకండి. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి నిర్బంధ శ్రమ చట్టం ఒకటి చేశారు. చెరువు కట్టకి గండి పడబోతే పనికి పిలవగలిగేది కూలి చేసుకునే వర్గాల మగవాళ్ళని. ఊరంతా కలిసి చెయ్యాల్సిన ఆనవాయితీ పని ఎగ్గొడితే, దాని విలువకి రెట్టింపు కట్టాలి. డబ్బున్నవాడికి రెట్టింపు ఒక లెక్కా? కోస్తా, రాయలసీమ తాతముత్తాతలకి ఈ బై-అవుట్ బాగానే తెలుసు.

"కోచ్‌లు వాలంటీర్ల పిల్లలకే రిలేలో చోటిస్తారు, అసలు అన్యాయం అది" అని కొందరంటారు. నేను చూసినంతలో చాలావరకు టైములే మాట్లాడతాయి. దాని గురించి ఇంకోసారి.

మరి నిజంగా కుదరనివాళ్ళో? ఆస్పత్రిలో కాల్ డ్యూటీ ఉన్న డాక్టరు, వారం వారం ఊళ్ళు తిరిగే కన్సల్టెంట్? శనివారం పొద్దున చెయ్యనక్కర్లేని పనులు బోలెడున్నాయి. శుక్రవారం రాత్రి గుడారాలు, ముందు రోజు హీట్ షీట్ల ప్రింటింగ్, చలికాలంలో రిజిస్ట్రేషన్ చూసుకోవడం, కొత్త తల్లిదండ్రులకి స్పానిష్‌లోనో తెలుగులోనో రూల్స్ వివరించడం. వీటిని డ్యూటీగా లెక్కించమంటే లెక్కించరు. శనివారం లెక్కలోకొస్తుంది, చెక్కు లెక్కలోకొస్తుంది, మధ్యలోవి రావు.

అందుకని వచ్చే బోర్డు సమావేశంలో నేనొక తీర్మానం పెడుతున్నాను. బై-అవుట్ గడి పూర్తిగా తీసెయ్యాలి, 400 కాదు, 200 కూడా వద్దు. పనిని డ్యూటీలతో కాక గంటలతో కొలవాలి. బి మీటు గంటా, చెత్త సంచి గంటా, శనివారం గంటా సమానం. షిఫ్టు పనులవాళ్ళు కుదరదని ఒక్క మాట చెప్తే చాలు, కాగితాలు అడక్కూడదు. ఇంటికి ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఇద్దరి పేర్లూ జాబితాలో విడివిడిగా ఉండాలి, ఎవరెన్ని గంటలు చేశారో గేటు దగ్గర బోర్డు మీద అంటించాలి. ఈ ఆఖరిదానికి మగవాళ్ళ నుంచి గట్టి వ్యతిరేకత వస్తుందని తెలుసు. రానీ.

తీర్మానం చర్చకి రావాలంటే అయిదు కుటుంబాల సంతకాలు కావాలి. నాకు మూడే ఉన్నాయి. ఆ మూడింటిలో తెలుగు కుటుంబం మాది ఒక్కటే. "సై" అన్న ఆయన్ని కూడా అడిగాను, ఆలోచించి చెప్తానన్నారు. మా టీంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, నేను ప్రతి ఆదివారం సాయంత్రం కాగితం పట్టుకుని క్లబ్‌హౌస్ దగ్గర ఉంటున్నాను. వేరే టీములవాళ్ళు ఫిబ్రవరిలో ఫారాలు వచ్చినప్పుడు ఆ చివరి పేజీ చూసుకోండి. గడి ఉంటే ఎంత రాసిందో, పోయిన ఏడు ఎవరెవరు కట్టారో మీ బోర్డుని అడగండి.