“అప్రమత్తంగా ఉండండి” అన్నంత మాత్రాన...



పోలీసు శాఖవారి ప్రకటనలలో తప్పక కనిపించే వాక్యం ఒకటి ఉన్నది: “ప్రజలు అప్రమత్తంగా ఉండాలి.” దొంగతనాలు జరిగినా ఇదే, వరదలు వచ్చినా ఇదే, ఫోనులో మోసాలు జరిగినా ఇదే. తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక పదం కనబడగానే విడదీసి చూడడం నాకు అలవాటు. ప్రమత్తుడు అంటే ఏమరుపాటులో ఉన్నవాడు. అప్రమత్తుడు అంటే అలా ఉండనివాడు. ఈ మాట మనం ఎలా ఉండరాదో చెబుతుందే కాని, ఏమి చేయాలో చెప్పదు. దీనితో హెచ్చరించవచ్చు, సమాచారం ఇవ్వడం మాత్రం సాధ్యం కాదు. హెచ్చరిక వేరు, సమాచారం వేరు. పోలీసులు మనకు మొదటిది ధారాళంగా ఇచ్చి రెండవదాన్ని పొదుపు చేస్తున్నారని నా అభిప్రాయం. ఆ పొదుపు ఖరీదు ఎంతో చెప్పడానికే ఈ టపా.

నా వయస్సువారిని ఇటీవలి సంవత్సరాలలో ఎక్కువగా పీడిస్తున్నది “డిజిటల్ అరెస్టు” అనే మోసం. మీ పేర వచ్చిన పార్సిలులో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఆధార్‌తో ఎవరో బ్యాంకు ఖాతా తెరిచి నల్లధనం మళ్ళించారనో ఒక ఫోను వస్తుంది. కొంతసేపటికి వీడియోలో ఖాకీ దుస్తులవాడు ప్రత్యక్షమవుతాడు. వెనుక గోడమీద పోలీసు చిహ్నం కూడా ఉంటుంది. మీరు అరెస్టయ్యారనీ, గది విడిచి కదలరాదనీ, ఇంట్లోవాళ్ళతో సహా ఎవరికీ చెప్పరాదనీ శాసిస్తాడు. చివరకు తనిఖీ పేరుతో మీ సొమ్మంతా తాము చెప్పిన ఖాతాకు పంపమంటాడు. ఇది చదువురాని వారికే జరుగుతుందనుకుంటే పొరపాటు. 2024లో లూథియానాకు చెందిన ఒక పెద్ద పారిశ్రామికవేత్తకు ఏకంగా సుప్రీంకోర్టు విచారణనే బూటకంగా వీడియోలో నడిపి చూపించి 7 కోట్ల రూపాయలు కాజేశారు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని అదే సంవత్సరం అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో చెప్పవలసి వచ్చింది. 2025 అక్టోబరులో హర్యానాకు చెందిన వృద్ధ దంపతుల ఫిర్యాదు మీద సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణ చేపట్టి, డిసెంబరులో ఇటువంటి కేసుల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది.

ఇక్కడ భాషాపరమైన చిక్కు ఒకటున్నది. చట్టంలో లేని ఈ మాటను పోలీసు ప్రకటనలూ పత్రికలూ కూడా దొంగ పెట్టిన పేరుతోనే వాడుతున్నాయి. “విశ్రాంత ఉద్యోగిని డిజిటల్ అరెస్టు చేసిన ముఠా” అని శీర్షిక పెడితే, అటువంటి అరెస్టు ఒకటి ఉన్నదనీ, దానిని చేయకూడనివారు చేశారనీ అర్థం వస్తుంది. కుందేటి కొమ్ము, గగనకుసుమం అని తర్కశాస్త్రంలో ఉదాహరణలు చెబుతారు. పదం ఉంటుంది, పదార్థం ఉండదు. ఇదీ అటువంటిదే. “దొంగ అరెస్టు” అంటే పల్లెలో ముసలమ్మకు కూడా తెలుస్తుంది. “కార్డన్ సెర్చ్”ను “నిర్బంధ తనిఖీ” అని తెలిగించిన మహానుభావులెవరో కాని, ఇంగ్లీషు అర్థం కాక ఊరుకున్నవాళ్ళను తెలుగు అర్థమై భయపడేటట్లు చేశారు!

ఈ మోసగాడి పెట్టుబడి ఏమిటి? ఖాకీ చొక్కా కాదు, అది అద్దెకు దొరుకుతుంది. అసలైన పోలీసు ఏమి చేస్తాడో, ఏమి చేయరాదో మనకు తెలియకపోవడమే వాడి పెట్టుబడి. డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే స్పష్టమైన నియమాలు విధించింది. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడాలి. అరెస్టు పత్రం వ్రాయాలి. దానిమీద కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. అరెస్టయిన సంగతి బంధువుకో మిత్రుడికో తెలియజేయాలి. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఈ నియమాల సారం ఉన్నది. అంతేకాదు, సాక్షిగా విచారించదలచిన వ్యక్తి స్త్రీ అయినా, అరవై దాటిన పురుషుడైనా, వారుండే చోటు విడిచి మరొక చోటికి రమ్మని పోలీసు ఒత్తిడి చేయరాదు. ఈ ముక్క నావంటి విశ్రాంత ఉపాధ్యాయులలో ఎందరికి తెలుసు?

కొంచెం ఆలోచించండి. నిజమైన అరెస్టులో ఎవరో ఒకరికి చెప్పి తీరాలి. దొంగ అరెస్టులో ఎవరికీ చెప్పరాదు. ఈ రెండు వాక్యాలూ పెద్ద అక్షరాలతో అచ్చువేసి ప్రతి పింఛనుదారు చేతిలో పెడితే ఎన్ని ఇళ్ళు నిలబడేవో! దానికి బదులుగా మనకు అందేది “సైబర్ నేరగాళ్ళ వలలో పడకండి” అన్న నినాదం. వల ఎలా ఉంటుందో చెప్పకుండా పడకండి అంటే చేప ఏమి చేస్తుంది? మా పింఛనుదారుల సమావేశానికి ఒకసారి ఒక ఎస్.ఐ.గారు వచ్చి ఓపికగా మాట్లాడారు. చివర మా పెద్దలొకరు లేచి, “అయ్యా, రేపు మీరే నాకు ఫోను చేస్తే, అది మీరేనని నాకెలా తెలియాలి?” అని అడిగారు. “జాగ్రత్తగా ఉండాలి మాస్టారూ!” అన్నారు ఆయన. మంచి మనిషే. కాని ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు ఇచ్చిన కాగితాలలో లేదు.

హెచ్చరిక మాత్రమే చేరి సమాచారం చేరకపోతే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు పుట్టాయి. అప్పుడు విస్తారంగా తిరిగిన వీడియోలలో ఒకటి, పిల్లల భద్రత గురించి కరాచీలో తీసిన అవగాహన చిత్రమే! బిడ్డను ఎత్తుకుపోయిన మనిషి తిరిగి దించి, జాగ్రత్త చెప్పే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించారు. మిగిలింది భయం. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులైలో బీదరు జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు హైదరాబాదు ఇంజనీరొకరు బలైపోయాడు. చంపినవాళ్ళందరూ తమ దృష్టిలో “అప్రమత్తంగా” ఉన్నవాళ్ళే.

అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్.పి.గా ఉన్న రెమా రాజేశ్వరిగారు చేసిన పని నాకు మిక్కిలి నచ్చింది. ఊళ్ళలో జనం చీకటి పడకముందే తలుపులు వేసుకుంటున్నారని తమ సిబ్బంది ద్వారా ఆమె ముందే పసిగట్టారు. ఒక్కొక్క గ్రామానికి ఒక్కొక్క పోలీసును కేటాయించి, వారు ఇంటింటికీ వెళ్ళి మాట్లాడే పద్ధతి పెట్టారు. గ్రామస్థుల వాట్సాప్ బృందాలలో ఆ పోలీసులు కూడా చేరారు. సందేహాస్పదమైన సందేశం రాగానే అది నిజమా అబద్ధమా అన్నది అక్కడే తేల్చి చెప్పారు. జానపద కళాకారులను పిలిపించి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి, పుకారు ఎలా పుడుతుందో, దానివల్ల నిరపరాధి ఎలా చస్తాడో చెప్పించారు. నాలుగువందలకు పైగా గ్రామాలున్న ఆ ప్రాంతంలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. డప్పు మన నేలకు కొత్త కాదు. ఊళ్ళో చాటింపు విని బయటికి వచ్చిన మనిషి చాటేవాణ్ణి ఎదురు ప్రశ్న వేయగలిగేవాడు. పత్రికా ప్రకటనను అలా అడగలేము.

పూర్వం ఆంధ్ర గ్రామాలలో మునసబు, ఆయన కింద తలారి ఉండేవారు. తెలంగాణలో పోలీసు పటేలు ఉండేవాడు. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. రద్దు కావలసిందే, ఆ పెత్తనాన్ని తలచుకొని కన్నీరు కార్చే ఉద్దేశం నాకు లేదు. కాని ఠాణాకూ గడపకూ నడుమ కబురు మోసే మనిషి కూడా దానితోపాటే పోయాడు. ఆ ఖాళీని గద్వాలలో పూడ్చగలిగారంటే మిగిలిన చోట్ల పూడ్చలేరని ఎలా అనగలం?

మరొక విషయం. పౌరుడు పోలీసుకు ఇచ్చే కబురుకు “ప్రథమ సమాచార నివేదిక” అనే ఘనమైన పేరున్నది. పోలీసు పౌరుడికి ఇవ్వవలసిన కబురుకు పేరే లేదు. అలాగని చట్టం మౌనంగా ఏమీ లేదు. ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో వెబ్‌సైటులో పెట్టాలని, సున్నితమైన కేసులను మినహాయించి, 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా ఫిర్యాదుదారుకో బాధితుడికో తెలపాలని కొత్త సంహిత చెబుతున్నది. తాళం పగలగొట్టిన ఇంటివాళ్ళు నెలల తరబడి ఠాణా మెట్లు ఎక్కి దిగుతూ “చూస్తున్నాం” అన్న మాట వినడం మా వీధిలో కూడా ఉన్నది. ఆ ఇల్లాలికి 90 రోజుల సంగతి చెప్పినవారు లేరు.

అన్నీ బయటపెడితే నేరస్థుడు జాగ్రత్తపడతాడని పోలీసువారు అనవచ్చు. కొంత నిజమే. దర్యాప్తు రహస్యాలను ఎవరూ అడగడం లేదు. అత్యాచార బాధితురాలి పేరు బయటికి పొక్కడం నేరం, పొక్కకూడదు కూడా. కాని ముసుగులు తొడిగిన నిందితులను వరుసగా నిలబెట్టి విలేకరుల సమావేశాలు జరపడానికి ఎన్నడూ అడ్డురాని రహస్యం, “మా వీధిలో నిన్న రాత్రి ఏమి జరిగింది?” అని అడిగినప్పుడే ఎందుకు అడ్డువస్తుంది? భయాందోళనలు కలుగుతాయని మరొక సాకు. చెప్పకపోతే భయం పోదు; పొరుగింటివాడి ఫోనులో పెరుగుతుంది.

మేలు జరుగుతున్న చోట చెప్పడం ధర్మం. సొమ్ము పోయిన వెంటనే 1930 అన్న సంఖ్యకు ఫోను చేస్తే, అది బ్యాంకుల మధ్య చేతులు మారకముందే ఆపడానికి వీలుంటుంది. 2021లో ఆ సంఖ్య 155260గా ఉండేది. గుర్తుండదని గ్రహించి నాలుగంకెలకు కుదించడం మంచి పని. అయితే “వెంటనే” ఎందుకు చేయాలో కూడా చెప్పాలి. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో దాచిపెట్టుకునే పెద్దవారికి సంఖ్యకంటే ఆ కారణమే ఎక్కువ అవసరం.

ప్రతి ఠాణాలోనూ జిల్లా కేంద్రంలోనూ అరెస్టయినవారి పేర్లు, వారిమీద మోపిన నేరం వివరాలు అందరికీ కనబడేటట్లు ప్రదర్శించాలని సంహితలో 37వ విభాగం నిర్దేశిస్తున్నది. మీ ఊళ్ళలో అటువంటి బోర్డు ఉన్నదా? ఉంటే తెలుగులో ఉన్నదా? గుమ్మం బయట నిలబడి చదవగలిగే చోటున ఉన్నదా, లేక లోపల రైటరుగారి బల్ల వెనుక ఉన్నదా? చూసినవారు వ్యాఖ్యలలో తెలుపగలరు. మా ఊరి సంగతి వచ్చే వారం నేనూ వెళ్ళి చూసి వ్రాస్తాను.