తాతగారి సైకిలు ఎలా ఉండాలి?

డెబ్బై దాటగానే సైకిలు మానివేయమని పిల్లలు పట్టుబడతారు. నా అభిప్రాయంలో మార్చవలసినది సైకిలు నిర్మాణమే. పాలకో మందులకో వెళ్ళే వృద్ధుడికి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. క్యారియరుపై బియ్యపు సంచి ఉండగా దాని మీదుగా కాలు తిప్పడం తుంటి కీలు అరిగినవారికి ఎంత కష్టమో ఊహించండి! జపానులో ‘మామాచారి’ అనే సైకిలుకు ఎత్తయిన అడ్డకడ్డీ ఉండదు. ముందు బుట్ట, దృఢమైన స్టాండు ఉంటాయి. మన లేడీస్ సైకిలూ ఇంచుమించు అటువంటిదే, కాని మగవారికి నామోషీ. సీటు బాగా దించితే పాదాలు నేలకు ఆనుతాయి గాని, తొక్కేటప్పుడు మోకాళ్ళపై భారం పెరుగుతుంది. పెడళ్ళను కొంత ముందుకు జరిపి నిర్మిస్తే ఈ రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. పిల్లలకై ఎన్నో రకాలు చేసే మన కంపెనీలకు ఇది అసాధ్యమేమీ కాదు. రక్తపోటు మాత్రలు వాడుతూ, లేవగానే తల తిరిగేవారు మాత్రం ముందుగా వైద్యుని సంప్రదించాలి.