గోదావరిపై విహారపు పడవలు

లంకలను, పట్టిసీమను, పాపికొండలను ఒకనాటి పడవ ప్రయాణములో చూచి రావలెనను కోరిక సహజమైనది. మేము దానిని కాదనము. కాని 2019 సెప్టెంబరు 15 వ తేదీని మరచుట తగదు. నాడు గండి పోచమ్మ గుడివద్ద బయలుదేరిన ప్రైవేటు పడవ కచ్చులూరు వద్ద మునిగెను. గోదావరి అప్పుడు వరదమీద నుండెను. పడవను వెలికి తీయుటకు అక్టోబరు 22 వరకు పట్టెను. అంతకుముందు 2017 నవంబరు 12 న కృష్ణలో, పవిత్రసంగమము వద్ద, అనుమతి లేని విహారపు పడవ బోల్తాపడి ఇరువదిమందికి పైగా మరణించిరి.

నదిని నిందించి లాభము లేదు. వరదలో పడవ కదలుటకు ఒప్పుకొన్నదెవరు? అడుగవలసినది ఇది. నీరు హెచ్చినపుడు రేవు అధికారి మాటయే కడపటి మాట కావలయును. టిక్కెట్టు సొమ్ము తిరిగి ఇచ్చి పడవను కట్టివేయవలయును. ఒడ్డుననే అందరికిని లైఫ్ జాకెట్లు తొడిగించి, తలలు లెక్కించినగాని తాడు విప్పరాదు. ప్రయాణికులకును బాధ్యత కలదు: ఉక్కగా నున్నదని జాకెట్టు విప్పరాదు, జనము మించిన పడవ నెక్కరాదు. ఇంతమాత్రపు కట్టుబాటైనను లేనిచో, సాయంకాలము ఇంట ఎదురుచూచువారికి మనమేమి సమాధానము చెప్పగలము?