పాత ఫోను తాళం ఎవరి దగ్గర?

2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ బోర్డులో ఉన్నవి 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. ఆ కాస్త సరంజామాతోనే ఎందరో ఔత్సాహికులు ఇంట్లో సొంత సర్వర్లు నడుపుకున్నారు. ఇప్పుడు మన బీరువా సొరుగుల్లో మూలుగుతున్న ఐదారేళ్ల నాటి మామూలు ఆండ్రాయిడ్ ఫోను తీసి చూడండి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్, మూడు నాలుగు జీబీల ర్యామ్, వైఫై, పైగా సొంత బ్యాటరీ. అప్‌డేట్లు ఆగిపోయాయనో, స్క్రీన్ మూల పగిలిందనో దాన్ని పక్కన పడేశాం. ఎక్స్ఛేంజ్‌లో చేతికొచ్చేది నామమాత్రం. నిజానికి దాని సత్తువ ఎక్కడికీ పోలేదు. దాన్ని పనికిరానిదిగా చేసింది కంపెనీ దాని సాఫ్ట్‌వేర్‌కు వేసిన తాళం. అప్‌డేట్లు ఆపిన రోజునే ఆ తాళం చెవిని కొన్నవాడికి అప్పగించాలని చట్టం ఉండాలి.

ఇంటికి సర్వర్ దేనికంటే, పనులు చాలానే ఉన్నాయి. గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికే 15 జీబీ పెళ్లి ఫొటోలకు, పిల్లల వీడియోలకు ఏ మూలకూ చాలదు. ఇంట్లోని ఫోన్లన్నిటి ఫొటోలనూ వైఫై మీద ఒకచోటికి చేర్చడానికి, పాటలూ పత్రాలూ అందరూ పంచుకోవడానికి పాత ఫోను ధారాళంగా సరిపోతుంది. స్క్రీన్ ఆపి ఉంచితే దాని వాడకం రెండు వాట్ల లోపే అనుకోవచ్చు. రాత్రింబవళ్లు నడిచినా నెలకు యూనిటున్నర దాటదు. అదే పనికి 50 వాట్ల పాత డెస్క్‌టాప్ పెడితే 36 యూనిట్లు. కరెంటు పోయినా ఫోను ఆగదు. రూటర్‌ను ఇన్వర్టర్ మీద ఉంచితే చాలు.

ఇది కాలక్షేపం వ్యవహారమేనని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఎస్తోనియాలోని టార్టు విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత ఫోన్ల బ్యాటరీలు తీసేసి, బయటి నుంచి కరెంటు ఇచ్చి, నాలుగింటిని కలిపి 2025లో బుల్లి డేటా సెంటర్‌గా మార్చి చూపించారు. ఒక్కో ఫోనుకు అయిన ఖర్చు సుమారు 8 యూరోలు. దాన్ని నీటి అడుగున సముద్రజీవుల లెక్కింపుకూ వాడి చూశారు. అంతకు రెండేళ్ల ముందే అమెరికాలోని శాన్ డియాగో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు పాత పిక్సెల్ ఫోన్ల గుంపుతో ఇలాంటి పనే చేశారు. ఫోను వల్ల వెలువడే కర్బనంలో అధిక భాగం దాని తయారీలోనే వెలువడుతుంది. కాబట్టి ఉన్నదాన్ని ఎక్కువకాలం వాడటమే అసలైన పొదుపు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పోగేసిన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది నాలుగో వంతు కూడా లేదు.

మరి చిక్కెక్కడ? టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే దాదాపు ఏ ఆండ్రాయిడ్ ఫోనులోనైనా లినక్స్ కమాండ్లు నడుస్తాయి. దూరం నుంచి ఫోనును నడిపించే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ పెట్టి ‘ఎస్ఎస్‌హెచ్‌డీ’ అని కొడితే చాలు, 8022 పోర్టులో సర్వర్ సిద్ధం. మామూలుగా ఆ సేవ ఉండే పోర్టు 22 కదా, ఇక్కడ 8022 ఎందుకంటే, 1024 కన్నా తక్కువ నంబరు పోర్టులు తెరిచే హక్కు సర్వాధికారాలున్న ‘రూట్’ ఖాతాకే ఉంటుంది. ఆ రూట్ హక్కు ఫోను కొన్నవాడికి లేదు. ఇంటిల్లిపాదికీ ప్రకటనలు అడ్డుకునే డీఎన్ఎస్ సర్వర్‌కు 53వ పోర్టు కావాలి కాబట్టి ఆ పని అక్కడే ఆగిపోతుంది. పైగా ఆండ్రాయిడ్ 12 నుంచి వెనకాల నడిచే ప్రాసెస్‌లు పరిమితి దాటితే సిస్టమే వాటిని చంపేస్తుంది. పోస్ట్‌మార్కెట్ఓఎస్ వంటి పూర్తిస్థాయి లినక్స్ ఎక్కిస్తే ఈ బాధలేవీ ఉండవు. దానికి ముందు, ఫోను ఆన్ కాగానే ఏ సిస్టమ్ నడవాలో నిర్ణయించే బూట్‌లోడర్ తాళం తీయాలి. కొన్ని కంపెనీలు తీయనిస్తాయి, కొన్ని తిప్పించుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. ఐఫోనులో ఆ ఊసే లేదు.

తాళం ఉన్నది భద్రత కోసమేనన్నది కంపెనీల వాదన. అప్‌డేట్లు వస్తున్నంతకాలం అది న్యాయమే. అవి ఆగిపోయాక మాత్రం ఆ తాళం పాత లోపాలను లోపలే ఉంచి, వాటిని సరిచేసే కొత్త సాఫ్ట్‌వేర్‌ను బయట నిలబెడుతుంది. దొంగలకు అవకాశం దొరుకుతుందన్న భయంలో కొంత నిజముంది. అందుకే యజమానిని నిర్ధారించుకున్నాకే తాళం తీయాలి. తాళం తీయగానే ఫోనులోని డేటా చెరిగిపోయే పద్ధతి ఇప్పటికే ఉంది. తాళం తీసినా డ్రైవర్లు దొరకవన్న మాటా వాస్తవమే, చాలా మోడళ్లలో కెమెరా, కాల్స్ పనిచేయవు. సర్వర్‌కు వాటితో పనేముంది?

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం బ్యాటరీ గురించి. నూరు శాతం చార్జింగులో, వేడిలో ఏడాది పొడవునా ఉంచితే లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 80 శాతం దగ్గర చార్జింగు ఆపే సెట్టింగు ఉంటే వాడాలి, లేకపోతే టైమర్ ప్లగ్గు పెట్టాలి. ఫోనును గాలి ఆడే చోట, గుడ్డలకూ కాగితాలకూ దూరంగా ఉంచాలి. వెనక మూత కాస్త లేచినట్టు కనబడినా వెంటనే ఆపేయాలి. ఇంకో హెచ్చరిక: ఫొటోలకు ఆ ఫోనే ఏకైక చోటు కాకూడదు, రెండో ప్రతి మరోచోట ఉండాల్సిందే.

అందరూ సర్వర్లు పెట్టుకుంటారా అంటే పెట్టుకోరు. బైకు ఇంజను అందరూ విప్పుకోరు, అయినా వీధి చివర మెకానిక్ విప్పగలిగేలా అది ఉంటుంది. తాళం తీసే వీలుంటే ఫోను రిపేరు కొట్లకు ఇదో కొత్త పని అవుతుంది, బడులకు చౌకగా సర్వర్లు అందుతాయి. 2022 నాటి మన ఈ-వ్యర్థాల నిబంధనలు ప్రధానంగా రీసైక్లింగ్ చుట్టూ తిరుగుతాయి. అదే ఏడాది కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్ విడిభాగాలు, రిపేరు సమాచారం దగ్గర ఆగింది. ఆ జాబితాలో బూట్‌లోడర్‌నూ చేర్చాలి. ప్రభుత్వం కదిలేదాకా కొనేవాళ్ల చేతిలో ఉన్నది ఒకటే: కొత్త ఫోనుకు డబ్బు కట్టేముందు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడిగినట్టే, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో, ఆ తర్వాత తాళం తీస్తారో లేదో కూడా అడగండి.