బీరే కదా అనుకోకండి

ఉత్తర ఇంగ్లండులోని యార్క్, షెఫీల్డ్, న్యూకాజిల్ నగరాలకు విహారయాత్రకు వెళ్లేవారు మంచి పబ్బు ఎక్కడ, మంచి బీరు ఏది అని ముందుగానే విచారిస్తారు. ఎంతవరకు తాగవచ్చునని మాత్రం అడగరు. పైగా ‘బీరే కదా, విస్కీ కాదుగా’ అంటారు. ఈ వాదం శుద్ధ తప్పు.

అక్కడి పింటు 568 మిల్లీలీటర్లు. 4 శాతం బీరైతే అందులో సుమారు 18 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. అంటే ఒక సాయంత్రం నాలుగు పబ్బులలో నాలుగు పింట్లు తాగినవారు ఏడు పెగ్గులు తాగినట్లే! కాలేయానికి సీసా మీది పేరు తెలియదు.

బ్రిటన్ ప్రధాన వైద్యాధికారులు 2016లో సూచించిన వారపు పరిమితి ఇటువంటి బీరు ఆరు పింట్లకు మించదు. అదీ మూడు రోజులకు తగ్గకుండా పంచుకోవాలి. ఆల్కహాలు క్యాన్సరు కారకమని కూడా మరువరాదు.

శతాబ్దాల నాటి పబ్బుల అందాన్ని, అక్కడి ఏల్ రుచిని నేను కాదనను. రుచి చూడటానికి అర పింటు చాలు. అడిగితే ఇస్తారు, అందులో నామోషీ లేదు. అలవాటు లేనివారు యాత్ర పేరిట మొదలుపెట్టనే వద్దు.