ఆ శాతాన్ని ముందుకు పంపకండి

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఇది హెచ్చరిక. ఎన్నికల మాట వస్తే చాలు, కద్మా నుంచి టెల్కో దాకా ఫోన్లలో పోలింగ్ శాతాలు తిరుగుతాయి. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘మన తెలుగువాళ్లలో ఓటేసింది ఇంతే’ అనే అంకె. ఎవరు చెప్పినా నమ్మకండి. ఓటర్ల జాబితాలో మాతృభాష రాసే గడే లేదు. బూత్‌లో మనచేత సంతకం పెట్టించుకునే 17ఎ రిజిస్టర్‌లోనూ లేదు. లెక్కే లేనిదానికి శాతం ఎక్కడిది? అయితే సర్వే అంచనా, లేదా కల్పన.

పాత లెక్కలు వెతికేవారికి చిక్కులు వేరు. జార్ఖండ్ 2000 నవంబరు 15న ఏర్పడింది. అంతకుముందు అంకెలు బీహార్ నివేదికల్లో ఉంటాయి. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా 1990లో వచ్చింది, దానికి ముందు అంతా సింగ్‌భూమే. పైగా ‘జంషెడ్‌పూర్’ ఒక లోక్‌సభ స్థానం పేరు, తూర్పు, పశ్చిమ అసెంబ్లీ స్థానాల పేరు కూడా. లోక్‌సభ శాతంలో బహరాగోడా, ఘాట్‌శిలా పల్లెలు కలిసి ఉంటాయి. దాన్ని తెచ్చి ఊరి శాతమని చెబితే పట్నం బద్ధకం పల్లె వరుసల వెనక దాక్కుంటుంది.

1952 అంకెలతో మరీ జాగ్రత్త. అప్పుడు 86 లోక్‌సభ స్థానాల్లో ఇద్దరేసి సభ్యులు, అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. పోలైన ఓట్లను ఓటర్ల సంఖ్యతో భాగించేస్తే వచ్చేది పోలింగ్ శాతం కాదు. ఉగాది సంచికలకు వ్యాసాలు రాసే పెద్దలు ఇది గమనించాలి.

2024 లోక్‌సభ ఎన్నికల్లో ఏప్రిల్ 19న తొలి విడత పోలింగ్ సాయంత్రం సుమారు 60 శాతం అన్నారు. ఏప్రిల్ 30న 66.14 అన్నారు. మొదటిది బూత్‌ల నుంచి అందినంత వరకు చెప్పిన తాత్కాలిక అంకె. కానీ పదకొండు రోజుల జాప్యం ఎన్నికల కమిషన్‌దే, వదంతులు దూరింది ఆ సందులోనే. మొదటి ఐదు విడతల్లో పోలైన ఓట్ల సంఖ్యలు మే 25న గానీ బయటికి రాలేదు. అదే రోజు జంషెడ్‌పూర్ ఓటేసింది.

సరైన అంకెలు కావలసినవారు కమిషన్ గణాంక నివేదికలు చూడండి. బూత్ వారీగా అయితే ఫారం 20. పోలింగ్ ముగియగానే ఏజెంట్లకు ఇచ్చే, ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి నకలు దొరికితే అంతకన్నా మంచిది.

అంకె పక్కన ఏ ఎన్నిక, ఏ నియోజకవర్గం, ఓటర్లు ఎందరు, పోలైనవి ఎన్ని అని లేకపోతే పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఈరోజే తీసేయండి.